ప్లాంటు అప్పగింతలో డేటా: స్థానం వేరు, వస్తువు వేరు

కొత్త ప్లాంటు అప్పగింత అంటే మన దగ్గర ఇప్పటికీ రెండు బీరువాల బాక్స్ ఫైళ్లు, ఒక హార్డ్ డిస్కు. పాశమైలారం అయినా, బొల్లారం అయినా, చౌటుప్పల్ అయినా అంతే. డిస్కులో వేల పీడీఎఫ్‌లు ఉంటాయి. సంతకాలు అయిపోతాయి, కాంట్రాక్టర్ మనుషులు ఇంకో సైటుకి వెళ్లిపోతారు. మూడు నెలల తర్వాత రాత్రి షిఫ్టులో ఒక పంపు సీల్ కారుతుంది. ఆ సీల్ సైజు ఎంత, మేక్ ఏది, స్టోర్స్‌లో ఉందా అని అడిగితే, జవాబు ఆ డిస్కులోనే ఎక్కడో ఉంటుంది కానీ దొరకదు. డేటాషీట్ స్కాన్ చేసిన కాగితం కాబట్టి వెతికినా రాదు. ఫైలు పేరేమో 'స్కాన్ 0047'.

ఈ నష్టం ఎవరి మీద పడుతుందో లెక్క కట్టినవాళ్లు ఉన్నారు. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ 2004లో ఒక అధ్యయనం వెలువరించింది. భవనాలు, పరిశ్రమల నిర్మాణంలో సమాచారం ఒకరి దగ్గరి నుంచి ఇంకొకరికి సరిగా అందక ఏటా 1,580 కోట్ల డాలర్లు వృథా అవుతున్నాయని అందులో అంచనా వేశారు. అది 2002 సంవత్సరపు లెక్క. అందులో 1,060 కోట్లు, అంటే మూడింట రెండు వంతులు, యజమానులూ ప్లాంటు నడిపేవాళ్లూ భరించారు. డిజైన్ చేసినవాళ్లకీ, కట్టినవాళ్లకీ పడిన దెబ్బ తక్కువ. కాబట్టి ఈ పని తమంతట తాము వాళ్లు చేస్తారని ఎదురుచూడటం దండగ. అడగాల్సింది యజమాని. అదీ అప్పగింత రోజున అడిగితే లాభం లేదు, పర్చేజ్ ఆర్డర్‌లోనే అడగాలి.

మాదాపూర్, గచ్చిబౌలి ఇంజినీరింగ్ ఆఫీసుల్లో విదేశీ ఆయిల్ అండ్ గ్యాస్ ప్రాజెక్టులు చేసేవాళ్లకి అప్పగింత సమాచారం ఎలా ఉండాలో చెప్పే సీఫోస్ (సీఎఫ్‌ఐహెచ్‌ఓఎస్) పరిచయమే. షెల్ కంపెనీ చొరవతో 2012లో మొదలై, నెదర్లాండ్స్‌లోని యూఎస్‌పీఐ సంఘం చేతుల్లో పెరిగి, 2020 నుంచి చమురు, గ్యాస్ కంపెనీల అంతర్జాతీయ సంఘం ఐఓజీపీ కింద నడుస్తున్న ప్రమాణం ఇది. పరికరాల తరగతులు, ఒక్కో తరగతికి కావాల్సిన గుణాలు, కొలమానాలు, పత్రాల రకాలు, వీటి మధ్య సంబంధాలు, అన్నీ అందులో సిద్ధంగా ఉన్నాయి. ఉచితంగా దించుకోవచ్చు. మందుల ముడిసరుకు తయారుచేసే మన బల్క్ డ్రగ్ యూనిట్‌కి అది మొత్తంగా పెద్ద చొక్కానే, కానీ దాని నుంచి ఒక్క ఆలోచన తెచ్చుకున్నా సగం పని అయినట్టే. స్థానాన్నీ వస్తువునీ విడదీయడమే ఆ ఆలోచన.

రియాక్టర్ షెల్ మారితే ఏమవుతుంది

బ్లాక్‌లో జీఎల్‌ఆర్-205 అని ఒక 5 కేఎల్ (5,000 లీటర్ల) గ్లాస్‌లైన్డ్ రియాక్టర్, అంటే లోపల గాజు పూత ఉన్న ఉక్కు పాత్ర, ఉందనుకుందాం. పీ అండ్ ఐడీలో (పైపులు, పరికరాలు చూపే డ్రాయింగు) ఆ పేరే, బ్యాచ్ రికార్డులో ఆ పేరే, ప్లాట్‌ఫారం మీద బోర్డూ అదే. నాలుగేళ్లకి లోపలి గ్లాస్ దెబ్బతింది. షెల్‌ని రీగ్లాసింగ్‌కి (మళ్లీ గాజు పూత వేయడానికి) పంపి, స్పేర్‌గా ఉన్న ఇంకో షెల్‌ని అదే చోట దించారు. బోర్డు మారలేదు. ప్రాసెస్ లెక్కలో అది ఇప్పటికీ జీఎల్‌ఆర్-205నే. కానీ లోపల ఉన్నది వేరే సీరియల్ నంబరు, వేరే తయారీ సంవత్సరం, వేరే హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడి పరీక్ష) తేదీ, వేరే గ్లాస్ రకం. రీగ్లాసింగ్ అయి తిరిగొచ్చిన పాత షెల్ ఆర్నెల్లకి పక్క బ్లాక్‌లో జీఎల్‌ఆర్-312 స్థానంలో కూర్చుంటుంది.

రిజిస్టర్‌లో ఒకే వరస ఉంటే, అంటే 'జీఎల్‌ఆర్-205, సీరియల్ నంబరు ఫలానా' అని మాత్రమే ఉంటే, ఈ మార్పుతో చరిత్ర కలగాపులగం అవుతుంది. ఆ షెల్‌కి గ్లాస్ దెబ్బతిన్నచోట మూసే టాంటలం ప్లగ్‌లు ఎన్ని ఏ నాజిల్ దగ్గర వేశారు, ఎన్నిసార్లు రీగ్లాసింగ్ అయింది, జాకెట్‌ని (వేడికీ చల్లదనానికీ షెల్ చుట్టూ ఉండే తొడుగు) ఏ రసాయనంతో కడిగారు, ఇవన్నీ షెల్‌తో పాటు ప్రయాణం చేయాల్సిన విషయాలు. జాకెట్‌లో పేరుకున్న గారని హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో కడిగితే హైడ్రోజన్ ఉక్కులోకి చొచ్చుకుపోయి, అవతలి వైపు గ్లాస్ పెచ్చులుగా ఊడుతుంది. అది వెంటనే బయటపడకపోవచ్చు. అలా కడిగిన సంగతి 205 పేరున రాసి ఉంటే, 312లో గ్లాస్ ఊడిన రోజున కారణం ఎవరికీ తట్టదు.

అందుకే మూడు పట్టికలు కావాలి. మొదటిది ట్యాగ్: ప్లాంటులో ఒక పని చేసే స్థానం. డిజైన్ ప్రెషర్ ఎంత కావాలి, ఏ లైన్ వచ్చి కలుస్తుంది, ఏ సర్వీస్ అన్నవి దీనివి. రెండోది వస్తువు: ఫౌండేషన్ మీద నిలబడ్డ ఇనుము. సీరియల్ నంబరు, తయారీ సంవత్సరం, టెస్ట్ సర్టిఫికెట్లు, వారంటీ ముగిసే తేదీ దీనివి. మూడోది మోడల్: తయారీదారు కేటలాగ్‌లోని రకం. మాన్యువల్, స్పేర్ల జాబితా, జనరల్ అరేంజ్‌మెంట్ డ్రాయింగు దీనికి చెందుతాయి. ఒకే మోడల్ పంపులు 14 ఉంటే మాన్యువల్ ఒక్కసారి నమోదైతే చాలు. వస్తువునీ ట్యాగ్‌నీ కలిపే చిన్న పట్టిక ఇంకొకటి: ఏ వస్తువు, ఏ ట్యాగ్ దగ్గర, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా. శాప్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి ఇది కొత్తేమీ కాదు. అందులో ఫంక్షనల్ లొకేషన్, ఎక్విప్‌మెంట్ అని రెండూ విడిగానే ఉంటాయి. కానీ అప్పగింత ఎక్సెల్ ఒకే వరసలో వస్తుంది కాబట్టి రెండింటిలోనూ ఒకే పేరు నింపేసి వదిలేస్తారు. మోటార్ల విషయంలో కూడా ఇదే గొడవ. రీవైండింగ్‌కి వెళ్లిన మోటారు తిరిగొచ్చి అదే పంపుకి ఎక్కుతుందన్న నమ్మకం లేదు. అందుకే పంపు వేరే వస్తువు, మోటారు వేరే వస్తువు. విశ్వసనీయత డేటా ప్రమాణం ఐఎస్‌ఓ 14224 కూడా పంపు సరిహద్దు గీసేటప్పుడు నడిపే మోటారుని బయటే ఉంచుతుంది.

ఏ గడులు అడగాలి

ఒక్కో తరగతికి వందేసి గుణాలు అడిగే స్పెసిఫికేషన్లు ఉన్నాయి. అడిగిన ప్రతి గడినీ వెండర్ ఏదో ఒకటి పెట్టి నింపుతాడు, వాటిలో సగం చెత్త. నా అభిప్రాయంలో మెయింటెనెన్స్, సేఫ్టీ, స్టోర్స్, క్వాలిటీ, ఈ నలుగురినీ కూర్చోబెట్టి 'ఈ గడి ఖాళీగా ఉంటే మీకు ఏ పని ఆగుతుంది' అని అడగాలి. జవాబు రాని గడి తీసేయాలి. చాలా తరగతులకి 20 నుంచి 30 గడులు మిగులుతాయి. అవి నిజంగా నిండుతాయి.

జీఎల్‌ఆర్‌కే వద్దాం. షెల్ డిజైన్ ప్రెషర్, జాకెట్ డిజైన్ ప్రెషర్, ఫుల్ వాక్యూమ్ తట్టుకుంటుందా లేదా, రెండు వైపులా ఉష్ణోగ్రత హద్దులు, వర్కింగ్ కెపాసిటీ, బ్రిమ్‌ఫుల్ కెపాసిటీ, అజిటేటర్ రకం, గేర్‌బాక్స్ నిష్పత్తి, మెకానికల్ సీల్ సైజు, గాస్కెట్ పదార్థం అందరూ అడుగుతారు. ఎవరూ అడగనిది థర్మల్ షాక్ హద్దు: వేడిగా ఉన్న గ్లాస్ మీదికి ఎంత చల్లని ద్రవం పోయవచ్చు, చల్లగా ఉన్న షెల్ జాకెట్‌లోకి ఎంత వేడి ఆవిరి వదలవచ్చు. తయారీదారు మాన్యువల్‌లో పట్టికగా ఉంటుంది. ఆవిరి మీద నడిచిన జాకెట్‌లోకి నేరుగా బ్రైన్ (చల్లని ఉప్పునీరు) తిప్పే ఆపరేటర్‌కి కావాల్సిన అంకె అదే. డేటాబేస్‌లో ఉంటే ఇంటర్‌లాక్ లాజిక్ (తప్పు పనిని యంత్రమే అడ్డుకునే ఏర్పాటు) రాసేవాడు వాడుకుంటాడు. మాన్యువల్‌లో 38వ పేజీలో ఉంటే వాడుకోడు.

ట్యాగ్ రాసే తీరు మొదటి రోజే తేల్చాలి. పి-2101ఎ, పి2101ఎ, పి-2101-ఎ, చివర ఒక ఖాళీ ఉన్న పి-2101ఎ, ఈ నాలుగూ మనిషికి ఒకటే, కంప్యూటర్‌కి నాలుగు పంపులు. ఇంగ్లిష్ అక్షరం ఓ, అంకె సున్నా ఒకదాని బదులు ఒకటి పడటం ఇంకో తలనొప్పి. వర్డ్ నుంచి కాపీ చేసినప్పుడు మామూలు గీత పొడవాటి గీతగా మారడం మరీ కనిపించని తప్పు. ఎక్సెల్ చేసే చేటు వేరు. 21 తర్వాత ఇంగ్లిష్ 'ఈ' అక్షరం, తర్వాత 05 ఉన్న ఎక్స్ఛేంజర్ ట్యాగ్‌ని అది ఘాతాంక సంఖ్యగా చదివి 21 లక్షలు చేసేస్తుంది. '1-2' అని రాస్తే ఫిబ్రవరి ఒకటో తేదీనో, జనవరి రెండో తేదీనో అవుతుంది. 00418 అన్న మెటీరియల్ కోడ్ 418గా మిగులుతుంది. ఫైలు తెరిచి సేవ్ చేసిన క్షణంలో ఇది జరిగిపోతుంది, వెనక్కి తెచ్చే దారి లేదు. అందుకని టెంప్లేట్‌లో ట్యాగ్, కోడ్ గడులన్నీ ముందే టెక్స్ట్ ఫార్మాట్‌లో పెట్టి లాక్ చేయాలి. తేదీలు 2025-04-03 రూపంలోనే రాయించాలి. 03/04/2025 అంటే మన వెండర్‌కి ఏప్రిల్, అమెరికా వెండర్‌కి మార్చి.

కొలమానాల్లో ప్రెషర్ దగ్గరే ఎక్కువ పప్పులో కాలేస్తారు. చదరపు సెంటీమీటరుకి ఒక కేజీ అంటే 0.98 బార్. తేడా రెండు శాతమే కాబట్టి ఎవరూ పట్టించుకోరు. గేజ్, అబ్సల్యూట్ కలిసిపోయినప్పుడు ఒక బార్ మొత్తం తేడా వస్తుంది, వాక్యూమ్ సర్వీస్‌లో అది సర్వనాశనం. అంకె ఒక గడిలో, కొలమానం పక్క గడిలో, గేజా అబ్సల్యూటా అన్నది కొలమానంలో భాగంగా ఉండాలి. '6 కేజీ' అని ఒకే గడిలో రాయనివ్వకూడదు. ఖాళీ గడులకీ నియమం కావాలి. వర్తించదు, ఇంకా తెలియదు, సున్నా, ఈ మూడూ వేరు వేరు. వెండర్ మాత్రం మూడింటికీ చిన్న గీత ఒకటి పెడతాడు. వాక్యూమ్ రేటింగ్ గడిలో ఆ గీత ఉంటే అర్థం ఏమని తీసుకోవాలి?

ఇన్‌స్ట్రుమెంట్లలో ఒక్క రేంజ్ విషయం విడిగా చెప్పాలి. ప్రెషర్ ట్రాన్స్‌మిటర్‌కి మూడు రేంజ్‌లు ఉంటాయి. సెన్సర్ తట్టుకునేది, కాలిబ్రేట్ చేసి పెట్టినది, పీఎల్‌సీలో (ప్లాంటుని నడిపే కంట్రోల్ కంప్యూటర్) స్కేల్ చేసినది. చాలా ఇన్‌స్ట్రుమెంట్ జాబితాల్లో 'రేంజ్' అని ఒకే గడి. ట్రాన్స్‌మిటర్‌ని 0 నుంచి 6కి సెట్ చేసి, పీఎల్‌సీలో 0 నుంచి 10 పెట్టారనుకోండి. రియాక్టర్‌లో నిజంగా 3 బార్ ఉంటే ట్రాన్స్‌మిటర్ తన 4 నుంచి 20 మిల్లీఆంపియర్ల సంకేతంలో సగం దగ్గర, అంటే 12 మిల్లీఆంపియర్లు పంపుతుంది. పీఎల్‌సీ దాన్ని 5 బార్‌గా చూపిస్తుంది. తిరగబడితే ఇంకా ప్రమాదం: 5 ఉన్నచోట 3 కనిపిస్తుంది. మూడు గడులు విడిగా ఉంటే ఆఖరి రెండూ సమానమా కాదా అన్నది ఒక్క ఫార్ములాతో తేలుతుంది. లూప్ చెక్ (ఇన్‌స్ట్రుమెంట్ నుంచి తెర దాకా సంకేతం సరిచూడటం) మొదలయ్యే ముందే అది పట్టుకోవచ్చు.

పత్రాలు, డబ్బులు, గడువులు

ప్రతి పత్రం ఏ ట్యాగ్‌కో, వస్తువుకో, మోడల్‌కో కట్టి ఉండాలి. ఎటూ కట్టని పత్రం ఉన్నా లేనట్టే. ఏ తరగతికి ఏ పత్రాలు తప్పనిసరో ముందే పట్టిక వేసుకోవాలి. సేఫ్టీ వాల్వ్‌కి సైజింగ్ లెక్క, డేటాషీట్, సెట్ ప్రెషర్ టెస్ట్ సర్టిఫికెట్. స్టెరైల్ లేదా హై ప్యూరిటీ వాటర్ లైన్‌కి వెల్డ్ మ్యాప్, బోరోస్కోప్ రికార్డు, పాసివేషన్ రిపోర్టు, ఈఎన్ 10204 ప్రకారం 3.1 మెటీరియల్ సర్టిఫికెట్లు, స్లోప్ వెరిఫికేషన్. ఫార్మా వాళ్లకి ఇదంతా క్వాలిఫికేషన్‌కి ఎలాగూ కావాలి. ఇన్‌స్టాలేషన్ క్వాలిఫికేషన్ ప్రోటోకాల్‌లో అడిగే గడులూ, అప్పగింత టెంప్లేట్‌లోని గడులూ ఒకే జాబితా నుంచి రావాలి. రెండు జట్లు ఒకే నేమ్‌ప్లేట్ దగ్గరికి రెండు సార్లు వెళ్లి, రెండు చోట్ల రెండు రకాలుగా రాసుకొచ్చే అవస్థ తప్పుతుంది.

వెండర్ డ్రాయింగుల దగ్గర ఒక ఊబి ఉంది. కోడ్ 1 అంటే ఆమోదం, కోడ్ 2 అంటే కామెంట్లతో ఆమోదం, పని మొదలుపెట్టుకోవచ్చు. కోడ్ 2 వచ్చాక వెండర్ తయారీ మొదలుపెడతాడు, కామెంట్లు సరిచేసిన కాగితం మళ్లీ పంపడు. అప్పగింతలో వచ్చేది ఆ కామెంట్లు లేని పాత కాగితమే. జీడిమెట్ల, బాలానగర్, చర్లపల్లి ఫ్యాబ్రికేటర్లని తప్పుపట్టి లాభం లేదు. డ్రాయింగు ఆఫీసులో ఉండేది ఇద్దరో ముగ్గురో, మనం తుది కాగితం అడిగేసరికి వాళ్లు ఇంకో ఆర్డర్‌లో మునిగి ఉంటారు. వాళ్లకి 60 పేజీల స్పెసిఫికేషన్ పంపితే చదవరు. నింపాల్సిన ఒక్క షీటు, నమూనాగా నింపిన ఒక్క వరస పంపితే నింపుతారు.

చెల్లింపు కూడా దానికే ముడిపడాలి. మొత్తం డేటా చివరి బిల్లుకి కట్టడం తప్పు. అప్పటికి సామాను సైటులో ఉంటుంది, కమిషనింగ్ తొందరలో ఉంటుంది, యజమానే ఒత్తిడిలో బిల్లు వదిలేస్తాడు. డేటాని ముక్కలు చేసి ఒక్కో మైలురాయికి కట్టాలి. డ్రాయింగు ఆమోదానికి డిజైన్ గుణాలు. డిస్పాచ్ క్లియరెన్స్‌కి సీరియల్ నంబర్లు, నేమ్‌ప్లేట్ ఫొటో, టెస్ట్ సర్టిఫికెట్లు, స్పేర్ల జాబితా. కమిషనింగ్ బిల్లుకి సెట్ పాయింట్లు, కాలిబ్రేషన్ రికార్డులు, ఆజ్‌బిల్ట్ (కట్టినది కట్టినట్టు చూపే) డ్రాయింగులు. లారీ ఎక్కకముందు అడిగిన సీరియల్ నంబరు ఆ రోజే వస్తుంది. లారీ దిగాక అడిగితే, ఇన్సులేషన్ కింద నేమ్‌ప్లేట్ ఉన్న వెసెల్‌కి క్లాడింగ్ కోసి చూడాల్సి వస్తుంది.

స్పేర్ల జాబితాని స్పిర్ అంటారు. అందులో అసలు తయారీదారు పార్ట్ నంబరు రాయించకపోతే, 6308 బేరింగ్ మూడు పంపు కంపెనీల సొంత పార్ట్ నంబర్లతో మూడు మెటీరియల్ కోడ్‌లుగా స్టోర్స్‌లో చేరుతుంది. మూడు బిన్నులు, మూడు కనీస నిల్వలు, అన్నిట్లోనూ ఉండేది 40 మిల్లీమీటర్ల బోరు ఉన్న అదే బేరింగ్. వివరణ రాసే వరస కూడా ముఖ్యం. శాప్‌లో చిన్న వివరణకి 40 అక్షరాలే చోటు. 'సాల్వెంట్ ట్రాన్స్‌ఫర్ కోసం వాడే పంపు తాలూకు...' అని ఇంగ్లిష్‌లో మొదలుపెడితే అసలు మాట వచ్చేసరికి చోటు అయిపోతుంది. వస్తువు పేరు ముందు, రకం తర్వాత, సైజు, ఆ తర్వాతే మిగతావి: బేరింగ్, బాల్, డీప్ గ్రూవ్, 6308.

వచ్చినదాన్ని పరీక్షించడం

టెంప్లేట్ వచ్చిన రోజే పరీక్షించాలి, నెలాఖరున కాదు. మొదట పీ అండ్ ఐడీ నుంచి తీసిన ట్యాగ్ జాబితాని రిజిస్టర్‌తో రెండు వైపులా పోల్చాలి. డ్రాయింగులో ఉండి రిజిస్టర్‌లో లేనివి, రిజిస్టర్‌లో ఉండి డ్రాయింగులో లేనివి. రెండో రకాన్ని చాలామంది వదిలేస్తారు. డిజైన్‌లో తీసేసిన పంపులు ఏళ్ల తరబడి ప్రివెంటివ్ మెయింటెనెన్స్ షెడ్యూల్‌లో దయ్యాల్లా తిరిగేది అందుకే. తర్వాత లైన్ లిస్ట్, ఇన్‌స్ట్రుమెంట్ ఇండెక్స్, కేబుల్ షెడ్యూల్, ఐఓ లిస్ట్ (పీఎల్‌సీకి వచ్చే, పోయే సంకేతాల జాబితా) ఒకదానితో ఒకటి కలుస్తున్నాయా చూడాలి. ఆ తర్వాత అర్థవంతమైన పరీక్షలు: సేఫ్టీ వాల్వ్ సెట్ ప్రెషర్ అది కాపాడే వెసెల్ డిజైన్ ప్రెషర్‌ని మించిందా, మోటారు కిలోవాట్లు ఫీడర్ రేటింగ్‌తో సరిపోతున్నాయా, హజార్డస్ ఏరియాలో ఉన్న ఇన్‌స్ట్రుమెంట్‌కి సర్టిఫికెట్ నంబరు ఉందా. ఇలాంటివి పాతిక నియమాలు రాసుకుంటే ఎక్సెల్‌లోనే నడుస్తాయి, ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

కాగితం మీద అన్నీ కలిసినా సైటులో తిరగాల్సిందే. బ్లాక్‌కి 30 ట్యాగ్‌లు ఎడాపెడా ఎంచుకుని నేమ్‌ప్లేట్ దగ్గర నిలబడి చూడాలి. ఎంచుకునేది కాంట్రాక్టర్ కాకూడదు. ఎక్కడానికి ఇబ్బందిగా ఉండే చోట్లు, పైప్‌రాక్ మీది వాల్వులు, టెర్రస్ మీది కండెన్సర్లు తప్పకుండా ఉండాలి. తప్పులు ఎక్కువగా అక్కడే ఉంటాయి, ఎందుకంటే నింపినవాడు కూడా అక్కడికి ఎక్కి ఉండడు. ముప్పైలో రెండుకి మించి తేడా వస్తే ఆ బ్లాక్ జాబితా మొత్తం వెనక్కి పంపాలి. ఒక్కో తప్పు మనమే దిద్దుకుంటూ కూర్చుంటే వాళ్ల పని మన నెత్తిన పడుతుంది.

చట్టపరమైన పరీక్షల తేదీలు మొదటి రోజు నుంచే సిస్టమ్‌లో ఉండాలి. బాయిలర్ సర్టిఫికెట్ గడువు, ప్రెషర్ వెసెళ్లకి ఫ్యాక్టరీల నిబంధనల కింద బయటి, లోపలి, హైడ్రో పరీక్షలు, ఒత్తిడితో కూడిన గ్యాస్ ట్యాంకుల ఎస్‌ఎంపీవీ నిబంధనల కిందకి వచ్చే ట్యాంకులకి వేరే గడువులు. ఈ తేదీలు వస్తువుకి కట్టాలి, ట్యాగ్‌కి కాదు. షెల్ మారిన రోజున గడువు కూడా మారాలి కాబట్టి.

అప్పగింత తర్వాత ఈ రిజిస్టర్‌కి యజమాని ఎవరో పేరుతో సహా తేలాలి. ప్రాజెక్ట్స్ డిపార్ట్‌మెంట్ అని రాస్తే, ప్రాజెక్టు అయ్యాక ఆ డిపార్ట్‌మెంట్‌కి ఇంకో ప్రాజెక్టు వస్తుంది. ఇంజినీరింగ్ సర్వీసెస్‌లో ఒకరి పేరు ఉండాలి, వాళ్ల ఆమోదం లేకుండా కొత్త ట్యాగ్ నంబరు పుట్టకూడదు. ప్లాంటులో మార్పులకి అనుమతి ఇచ్చే చేంజ్ కంట్రోల్ ఫారంలో ఒక్క గడి చేర్చాలి: 'రిజిస్టర్ వరస మార్చారా, తేదీ'. ఆ గడి ఖాళీగా ఉన్నంతవరకు క్వాలిటీ వాళ్లు చేంజ్ కంట్రోల్ మూసేయకూడదు. కొత్త షెల్ దించిన రోజు, మోటారు మార్చిన రోజు, ట్రాన్స్‌మిటర్ రేంజ్ మార్చిన రోజు ఆ గడి నిండాలి. రేంజ్ మార్చినప్పుడైతే పీఎల్‌సీ స్కేల్ మార్చిన స్క్రీన్‌షాట్ కూడా ఆ ఫారంకే జతపడాలి.